నమ్మదగని ఊరు

బోడిమెట్టపల్లె కంప్యూటరులో పచ్చగా ఉంది. బయట మాత్రం ఆ ఊళ్ళో పచ్చనిదేదైనా వెతికి పట్టుకోవాలి. కంది కోసేసిన చేలు, ఎండిపోయిన వంక, వంక గట్టున నాలుగు తుమ్మచెట్లు, హనుమంతునిపాడు వైపు పోయే మట్టిదారి, అంతే. అయినా ఒంగోలు ఆఫీసులో గోడకు తగిలించిన పెద్ద తెర మీద ఆ ఊరి చుక్క చిలకపచ్చ రంగులో మెరుస్తూనే ఉంది. పచ్చ అంటే తాగునీరు మంచిదని అర్థం. ఎరుపంటే ఫ్లోరైడు ఉందని, ట్యాంకరుతో మంచినీళ్ళు పంపాలని. రెండేళ్ళుగా ట్యాంకరు నీళ్ళు తాగుతున్న ఊరు ఈ మాఘమాసంలో ఉన్నట్టుండి పచ్చబడింది. అది పచ్చబడిన వారానికే ట్యాంకరు రావడం మానేసింది. సర్కారు పనుల్లో ఇంత చురుగ్గా సాగేది ఇదొక్కటే, ఇచ్చేదాన్ని ఆపడం.

ఆ పచ్చదనం నిజమో కాదో చూసే ఉద్యోగం ఉమామహేశ్వర్లుది. జిల్లాలు విడదీశాక నీటి విభాగం వాళ్ళు పాత లెక్కలన్నీ అటకెక్కించి, కొత్తగా ఒక పెద్ద సమాచార వ్యవస్థ పెట్టారు. ఊరూరా నీళ్ళు పరీక్షించి, ఫోన్లోంచి అందులోకి ఎక్కిస్తారు. అట్లా ఎక్కినవాటిలో ఏది నమ్మవచ్చు, ఏది నమ్మకూడదు అని పడమటి మండలాల వరకు తేల్చి చెప్పాల్సింది ఇతను. మార్కాపురం ఆఫీసులో మూలగది, దడదడలాడే ఫ్యాను, ఒక కంప్యూటరు ఇతని రాజ్యం. నలభై దాటిన మనిషి, మాట మెత్తన, పట్టుదల గట్టి. తండ్రి గురునాథం మార్కాపురంలో కందుల దుకాణం నడిపినన్నాళ్ళూ బస్తా మూతి దగ్గరున్న గింజల వంక చూసి ఎరగడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగున ఉన్నవి పిడికెడు తీసి అరచేతిలో పరిచి చూసేవాడు. కొడుకు ఆ పద్ధతినే లెక్కల మీద ప్రయోగించి బతుకుతున్నాడు.

ఆ వ్యవస్థకు కొన్ని కొలతలున్నాయి. ఏ గడీ ఖాళీగా ఉండకూడదు. ప్రతిదీ గడువులోపల ఎక్కాలి. ముందు ఎక్కినదానికి, ఇప్పుడు ఎక్కేదానికి పొంతన ఉండాలి. ఇవన్నీ యంత్రమే చూసుకుని మార్కులు వేసుకుంటుంది. ఎక్కింది నిజమేనా అన్నది మాత్రం కుర్చీలో కూర్చుని కనుక్కోవడం కుదరదు, ఊరికి పోవాలి. అందుకని దాన్ని కొలవడం అందరూ మర్యాదగా మరిచిపోయారు. ఉమామహేశ్వర్లుకు ఆ మరుపు అలవాటు కాలేదు. అదే అతని తలనొప్పి.

ఫాల్గుణం ఎండ ముదురుతుండగా ఒక ఉదయం ఆ మూలగదికి ఇద్దరు వచ్చారు. ముందు రాఘవమ్మ, వెనక ఆమె భర్త మల్లయ్య. మల్లయ్యకు మెడ తిరగదు. పక్కనున్న మనిషిని చూడాలంటే ఒళ్ళంతా తిప్పుకోవాలి. గుమ్మంలో నిలబడి, అట్లా ఒళ్ళంతా తిప్పి ఫ్యాను వంక చూసి, కిందనే కూలబడ్డాడు.

"సారూ, మా బోడిమెట్టపల్లెకు ట్యాంకరు ఎందుకు నిలిపేసినారు?" అంది రాఘవమ్మ.

ఉమామహేశ్వర్లు కంప్యూటరులో ఊరు వెతికి చూశాడు. "మీ ఊరి నీళ్ళు మంచివని వచ్చిందమ్మా."

"ఎవరికొచ్చింది?"

"ఇందులో వచ్చింది."

"మరి మా బోరుకు ఆ సంగతి తెలీదే! అది ఎప్పట్లాగే పోస్తాంది."

అతనికి నవ్వొచ్చింది గానీ, మల్లయ్యను చూసి ఆపుకున్నాడు. రాఘవమ్మకు అంతకంటే ఎక్కువ తిట్టే ఓపిక లేదు. వచ్చిన పని చెప్పుకుంది. కూలికి వలసపోయిన కొడుక్కు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది బోరునీళ్ళతో పెరిగింది. ఏడేళ్ళ పిల్ల, మోకాళ్ళు రెండూ లోపలికి వంగిపోయినాయి, గోడ పట్టుకుని గానీ నడవదు. చిన్నది పుట్టిన ఏడే ట్యాంకరు మొదలైంది. అది ఇప్పుడు వాకిట్లో కోడిపిల్లల వెంట పరుగెత్తుతోంది, కాళ్ళు చక్కగా ఉన్నాయి.

"పెద్దదానికి కాళ్ళు ఎట్లాగూ దక్కలేదు. చిన్నదానికన్నా దక్కనీ నాయనా. హనుమంతునిపాడు నుంచి ఆటోలో క్యాను తెప్పించి దానికొక్కదానికి దాచి తాపుతాండా. ఆ ఆటోవాడు గూడా రోజూ రాడు. నేనెన్నాళ్ళని కాపాడుకునేది?"

"నేనే వస్తాను పెద్దమ్మా, చూస్తాను" అన్నాడు ఉమామహేశ్వర్లు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక లెక్క ముందేసుకుని కూర్చున్నాడు. ఎనిమిది ఇళ్ళలో తీసిన నమూనాలు. ప్రతి ఇంటికీ ఫోటో ఉంది, చోటు గుర్తుంది, వేళ ఉంది. ఒక్క గడీ ఖాళీ లేదు. ఎనిమిదింటికీ ఫ్లోరైడు ఒకటే అంకె, సున్నా పాయింటు ఆరు. యంత్రం దానికి నూటికి నూరు వేసి పొంగిపోయింది. ఉమామహేశ్వర్లుకు మాత్రం ఒళ్ళు మండింది. ఎనిమిది ఇళ్ళ నీళ్ళు కవలపిల్లల్లా ఒక్క తీరుగా ఉంటాయా? చెట్టుకింద కూర్చుని ఒకే అంకె ఎనిమిదిసార్లు కొట్టి చేతులు దులుపుకుని ఉంటుంది ఆ పిల్ల అనుకున్నాడు. ఆ పిల్ల అంటే ఊరి సచివాలయంలో పనిచేసే సంతోషమ్మ. నీటి పరీక్షలు ఆమె చేతి మీదే నడుస్తాయి. పట్టుకుని తీరాలని మర్నాడే కనిగిరి బస్సెక్కాడు.

సంతోషమ్మ సచివాలయం గుమ్మంలోనే ఎదురైంది. పాతికేళ్ళ మనిషి, భుజాన పరీక్షల పెట్టె, మొహంలో జంకు.

"సార్, నేను ప్రతి ఇంటికీ పోయినాను. ఎట్ల జేసినానో మీ ఎదుటనే మళ్ళీ చేసి చూపిస్తా, రండి" అంది. ముందే నేరం ఒప్పుకుంటుందని వచ్చిన ఉమామహేశ్వర్లుకు అది కొంచెం నిరాశ కలిగించిందనే చెప్పాలి.

ఇద్దరూ నేరుగా రాఘవమ్మ ఇంటికే పోయారు. రాఘవమ్మ మంచం వాల్చింది, దుప్పటి పరిచింది. ఆమె కోడలు పార్వతి చంకలో చిన్నపిల్లతో తలుపు చాటున నిలబడింది. పెద్దపిల్ల గోడవార కూర్చుని వచ్చినవాళ్ళను కళ్ళింతలు చేసుకుని చూస్తోంది.

"అవ్వా, మీరు తాగే నీళ్ళు ఒక గ్లాసు తెచ్చియ్యి" అంది సంతోషమ్మ.

రాఘవమ్మ లోపలికి పోయి, బూడిదతో తోమి తళతళలాడే స్టీలు గ్లాసులో నీళ్ళు తెచ్చింది. సంతోషమ్మ కొలిచి చిన్న గాజు గొట్టంలో పోసి, మందు చుక్కలు వేసి, కలిపి, ఎండలో పట్టి చూపించింది. నీళ్ళు గులాబి రంగులోనే నిలిచాయి. పక్కన రంగుల అట్ట పెట్టి చూస్తే సున్నా పాయింటు ఆరు. ఆ పిల్ల ఎక్కడా పొరపాటు చేయలేదు. పద్ధతి పద్ధతిగా, ఒక్క చుక్క ఎక్కువ తక్కువ కాకుండా చేసింది. ఉమామహేశ్వర్లు ఆ గులాబి రంగు వంక, గోడవార కూర్చున్న పిల్ల మోకాళ్ళ వంక మార్చి మార్చి చూశాడు. రెండింట్లో ఏదో ఒకటి అబద్ధం చెబుతోంది, మోకాళ్ళు అబద్ధం చెప్పవు.

"పెద్దమ్మా, ఈ నీళ్ళు ఎక్కడివి?"

"క్యానువి సారూ."

"అదేంది అవ్వా! మీరు తాగే నీళ్ళు గదా నేనడిగింది?" అంది సంతోషమ్మ.

రాఘవమ్మ ఆ పిల్లను వింతగా చూసింది. "అడిగితే? వచ్చినోళ్ళ చేతికి బోరునీళ్ళిస్తామా ఎక్కడన్నా? నోట్లో పెట్టుకుంటే చేదు, ఉప్పు. రేపు పదిమందిలో, రాఘవమ్మ ఇంటికి పోతే ఉప్పునీళ్ళిచ్చింది అంటే నేను తలెత్తుకుని తిరగాల్నా? మేం తాగేది మేం తాగుతాం. మీకిచ్చేది మీకిస్తాం."

ఉమామహేశ్వర్లు మంచం మీద కొంచెం ముందుకు జరిగాడు. "మొదటిసారి ఈ అమ్మాయి వచ్చిన రోజున?"

"అప్పుడు ట్యాంకరు నీళ్ళిచ్చినా."

"మిగతా ఇళ్ళవాళ్ళు?"

"వాళ్ళూ అవే." రాఘవమ్మ గొంతులో కొంచెం గర్వం తొంగిచూసింది. "ఆ వారం ట్యాంకరు ఆలస్యమై నాలుగు దినాలు రాలేదు, ఎవరింట్లోనూ చుక్క లేదు. నేను చిన్నదాని కోసరం ఒక బిందె మూతపెట్టి దాచినా. గవర్నమెంటు మనిషి వచ్చిందంట, నీళ్ళడుగుతాంది, ఇంట్లో బోరునీళ్ళే ఉండాయి, ఏం జేద్దాం వదినా అని పక్కింటి కొండమ్మ పరిగెత్తుకోనొచ్చింది. దాని వెనకాల ఇంకొకరు. అందరికీ తలా చెంబు పోసినా. ఊరి పరువు పోతాంటే చూస్తా కూర్చుంటామా?"

ఎనిమిది ఇళ్ళు, ఎనిమిది ఫోటోలు, ఒకే బిందె. పసిదాని నోటికాడి నీళ్ళు తీసి ఊరి పరువు నిలబెట్టింది రాఘవమ్మ. ఆ పరువే ట్యాంకరును మింగేసింది. ఎక్కినవాటిలో ఒక్క అబద్ధమూ లేదు. నీళ్ళు నిజమైన నీళ్ళే, అంకె నిజమైన అంకే. మర్యాదకు మర్యాద చేసినవాళ్ళను ఏమని అంటాం?

సంతోషమ్మ కళ్ళనీళ్ళ పర్యంతమై, పెట్టె తీసుకుని బోరు దగ్గరికి నడిచింది. ఉమామహేశ్వర్లు వెంట పోయాడు. మందు పడీ పడకముందే గులాబి రంగు విరిగిపోయి నీళ్ళు పచ్చి పసుపులోకి తిరిగాయి. రంగుల అట్టలో ఆఖరి గడి. దాని తరవాత అట్ట కూడా చేతులెత్తేసింది.

అక్కడే బోరు గట్టు మీద కూర్చుని, కొత్త అంకెను ఫోన్లో ఎక్కించబోయింది సంతోషమ్మ. తెర ఎర్రగా వెలిగింది. ముందు నమోదైన విలువకు, దీనికి పొంతన లేదు కనుక స్వీకరించడం కుదరదు, సరిచూసి మళ్ళీ ఎక్కించండి అని చెప్పింది. మళ్ళీ ఎక్కించింది. మళ్ళీ అదే మాట. కొత్త వ్యవస్థలో ఎవరు ముందెక్కితే వాళ్ళదే పీట. పాత లెక్కలు అటకెక్కాయి గనుక తప్పే ముందెక్కి కూర్చుంది. వెనకాల వచ్చిన నిజాన్ని యంత్రం గడప దాటనివ్వడం లేదు.

"ఇంకేదీ దారి లేదా సార్?"

"ఉంది. నా రిపోర్టు ఉంది" అన్నాడు ఉమామహేశ్వర్లు.

అతని రిపోర్టులో తీర్పు చెప్పడానికి మూడు మాటలున్నాయి. సరైనది, సవరించాల్సినది, నమ్మదగనిది. సవరించాల్సినది అని పెడితే బోరు అంకె లోపలికి ఎక్కుతుంది, ఊరు ఎర్రబడుతుంది, ట్యాంకరు వస్తుంది. కాకపోతే ఆ మాట పెట్టాలంటే తప్పు ఎవరిదో పేరు రాయాలి. పేరు రాయందే ఆ గడి మూసుకోదు. తప్పు ఎక్కించిన మనిషిగా సంతోషమ్మ పేరు పెడితే ఆమెకు మెమో వస్తుంది. ఇంకా ఉద్యోగం ఖాయం కాని పిల్ల. మొన్న దొనకొండ వైపు ఒకతనికి ఇట్లాగే పేరు పడితే ఇంటికి పంపించేశారు.

సంతోషమ్మకు ఈ సంగతి తెలుసు. అయినా అడగలేదు. పెట్టెలో సీసాలు సర్దుతూ, "నాదేం తప్పుందో అది రాయండి సార్" అని మాత్రం అంది.

అది అతన్ని కట్టి పడేసింది. ఆమె తప్పేముంది? అడగాల్సిన మాటే అడిగింది, చెయ్యాల్సినట్టే చేసింది. లేని తప్పుకు ఒక మనిషి పేరు రాయడం కూడా తప్పుడు లెక్కే అవుతుంది గదా అనుకున్నాడు ఉమామహేశ్వర్లు. మిగిలింది మూడో మాట. నమ్మదగనిది. దానికి ఎవరి పేరూ అక్కర్లేదు. నమ్మదగనిదని చెబితే పైవాళ్ళు మళ్ళీ పరీక్ష పెట్టిస్తారు, ఈసారి బోరు దగ్గరే తీయిస్తే సరి. ఎవరికీ అన్యాయం జరగదు. అబద్ధమూ చెప్పినట్టు కాదు. మార్కాపురం వచ్చి ఆ మాట మీద నొక్కినప్పుడు, ఎన్నేళ్ళకో ఒక మంచి పని చేశానని అతనికి కడుపు నిండినట్టయింది.

అంతకు ముందే, ఊరినుంచి బయల్దేరేటప్పుడు రాఘవమ్మతో, "ఉగాది దాటనియ్యి పెద్దమ్మా, ట్యాంకరు వస్తుంది" అని చెప్పి వచ్చాడు.

ఉగాది దాటింది. ట్యాంకరు రాలేదు. రాఘవమ్మ పక్కింటి ఫోన్లోంచి రెండుసార్లు చేసింది. "పనిలోనే ఉంది పెద్దమ్మా" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతను నిజంగానే నమ్మాడు.

నెల తిరిగాక ఒంగోలులో సమావేశం పెట్టారు. ఉమామహేశ్వర్లు పై అధికారి కోటేశ్వర్లు. నవ్వితే భుజాలు కదిలే మనిషి, చెడ్డవాడు కాడు. లోపలికి అడుగు పెట్టగానే ఎదురొచ్చి భుజం తట్టాడు.

"ఏమయ్యా ఉమామహేశ్వర్లూ, మన పడమటి మండలాలు నాణ్యతలో అందరికంటే పైనున్నాయి. నువ్వు గట్టిగా ఏరిపారేసినావు కాబట్టే!"

"ఏరిపారేసిందేంది సార్?"

"అదే, నమ్మదగనివి. వాటిని యంత్రం పక్కన పెట్టేస్తది గదా. చెత్తంతా పోయి మంచివే మిగిలినాయి. నూటికి నూరు!"

ఉమామహేశ్వర్లు గోడమీద తెర దగ్గరికి పోయాడు. హనుమంతునిపాడు మండలం మీద వేలుపెట్టి వెతికాడు. చిలకపచ్చ చుక్క లేదు. ఎర్ర చుక్కా లేదు. బోడిమెట్టపల్లె ఉన్న చోట తెర ఖాళీగా ఉంది. కొత్త వ్యవస్థలో ఆ ఊరికున్నవి ఆ ఎనిమిది నమూనాలే, అవి పోయేసరికి ఊరూ పోయింది. ఎర్ర ఊళ్ళ పట్టికలోంచి ట్యాంకర్లు కేటాయిస్తారు, ఊరు అందులో లేదు. పచ్చ ఊళ్ళకు మళ్ళీ పరీక్షలు పెడతారు, ఊరు అందులోనూ లేదు. చెడ్డ ఊరై ఉంటే నీళ్ళొచ్చేవి. మంచి ఊరై ఉన్నా ఎవరో ఒకరు మళ్ళీ వచ్చి చూసేవాళ్ళు. నమ్మదగని ఊరు కావడంతో అది ఎవరికీ పట్టకుండా పోయింది.

"సార్, అక్కడ నీళ్ళు విషం సార్. నేను కళ్ళారా చూసినా. ట్యాంకరు పంపాల."

"లేని ఊరికి ట్యాంకరు ఎట్ల పంపమంటావయ్యా? డీజిలు ఏ ఊరి కింద రాయాల?" కోటేశ్వర్లు హేళనగా అనలేదు. పాపం, నిజంగానే అడిగాడు.

"అయితే ఊరిని మళ్ళీ ఎక్కిద్దాం."

"ఎక్కిద్దాం. కొత్త ఊరు ఎక్కాలంటే పైవాళ్ళు దారి తెరవాల. వానాకాలం పోయినంక తెరుస్తామన్నారు. అప్పుడు గూడా స్వీకరించిన నీటి పరీక్ష ఒకటి జతపరచాల."

"ఊరే లేకుంటే పరీక్ష ఎట్ల స్వీకరిస్తది సార్?"

"అదీ నిజమే" అన్నాడు కోటేశ్వర్లు. ఆ సమస్యను ఒక కాగితం మీద రాసుకున్నాడు కూడా. పోయినసారి ఆ గదిలో పని చేయని ఫ్యాను సంగతీ అట్లాగే రాసుకున్నాడు.

ఉమామహేశ్వర్లు చేయగలిగినవన్నీ చేశాడు. తన తీర్పు మార్చబోయాడు. ఒకసారి చెప్పిన తీర్పు మార్చడం నాణ్యతకు భంగమని యంత్రం ఒప్పుకోలేదు. పెద్దవాళ్ళకు అర్జీలు పంపాడు. అవి తిరిగి తిరిగి, పడమటి మండలాల లెక్కలు చూసే మనిషి పరిశీలించి నివేదిక ఇవ్వాలని, చివరికి అతని దగ్గరికే వచ్చాయి. ఊరికి బస్సు మీద నాలుగు క్యాన్లు వేయించి పంపాడు. నాలుగు క్యాన్లు ఎన్నాళ్ళొస్తాయి? ఎండలు ముదిరి హనుమంతునిపాడులో నీళ్ళ ప్లాంటుకే బోరు ఎండిపోయింది, ఆటోవాడు క్యాన్ల బేరం మానేశాడు.

రోహిణి ఎండల్లో ఒకరోజు సంతోషమ్మ ఫోన్ చేసింది.

"సార్, ఒక్కసారి రాగలరా? పక్క ఊళ్ళకు పరీక్షల కోసరం పోతాంటే బోడిమెట్టపల్లె వాళ్ళు దారిలో నిలిపినారు. నాకేం చెప్పాల్నో దిక్కు తెలీట్లేదు."

అతను పోయేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. ఊరి జనమంతా వీధిలో నిలబడి ఉన్నారు. ప్రతి ఇంటి అరుగు మీదా ఒక సీసా. కొన్ని కూల్‌డ్రింకు సీసాలు, కొన్ని మందు సీసాలు, ఒకరింట్లో పాలచెంబు. అన్నింట్లోనూ బోరునీళ్ళే. తప్పు ఎక్కడ జరిగిందో రాఘవమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పిందట. ఈసారి పరువు సంగతి తరవాత, మనం తాగేదే ఇయ్యాల అని అందరి చేతా ఒట్టు పెట్టించిందట. కొండమ్మ తన సీసా ఎత్తి చూపిస్తూ, "ఇప్పుడే పట్టినా సారూ, నీ కండ్ల ముందర కావాలంటే మళ్ళీ పడతా" అంది. అందరి మొహాల్లోనూ తప్పు దిద్దుకున్నవాళ్ళ సంతోషం.

సంతోషమ్మ అతని పక్కకు వచ్చి ఫోను చూపించింది. మండలంలో ఊళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి. ఆ ఊరి పేరు లేదు.

"నేను చెప్పలేను సార్. మీరు చెప్పండి" అంది మెల్లగా.

అతను చెప్పలేదు. ఏం చేయాలో తోచక పెట్టె తెరిపించాడు. ఇద్దరూ ఒక్కొక్క అరుగు దగ్గరా ఆగి, ఒక్కొక్క సీసా నీళ్ళు పరీక్షించారు. అన్నీ పసుపు. జనం వెంట నడుస్తూ రంగు తిరిగినప్పుడల్లా "చూసినారా, చూసినారా" అని ఒకరికొకరు చూపించుకున్నారు. తమ నీళ్ళు విషమని రుజువైనందుకు మురిసిపోయిన ఊరు ఇంకెక్కడా ఉండదేమో. ఎక్కించడానికి చోటు లేదు గనుక ఉమామహేశ్వర్లు జేబులోంచి ఒక కాగితం తీసి దాని మీద రాశాడు. ఆ కాగితం ఎవరికివ్వాలో అతనికి తెలియదు.

వరసలో చివరిది రాఘవమ్మ ఇల్లు. గుమ్మం బయట ఒక బట్టల సంచి కనబడింది. పార్వతి ప్రయాణపు చీర కట్టుకుని, చిన్నపిల్లను ఎత్తుకుని నిలబడి ఉంది. వీధి మొదట్లో ఆటో ఆగి ఉంది.

"పార్వతి అన్న గిద్దలూరులో ఉండాడు సారూ" అంది రాఘవమ్మ. "అక్కడ నీళ్ళు బాగుంటాయంట. ఉండేది ఒక్క గది. చిన్నదాన్ని తీసుకోని రా, పెద్దదాన్ని నేను సాకలేనన్నాడు. ఆయన్నేమనగలం? దాన్ని ఎత్తాల, దించాల." గొంతు తగ్గించింది. "అది నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు. అమ్మ పోతాదని గోడకు మొగం పెట్టుకోని పడుకుంది."

లోపల చీకట్లో పెద్దపిల్ల వీపు కనిపిస్తోంది. మల్లయ్య దాని పక్కన కూర్చుని, ఒళ్ళంతా గుమ్మం వైపు తిప్పుకుని వింటున్నాడు.

"నువ్వు చదువుకున్నోడివి. అబద్ధం చెప్పేవాడివి గాదు" అంది రాఘవమ్మ. "ఈసారి మేం తప్పు చెయ్యలేదు గదా?"

"లేదు పెద్దమ్మా."

"అన్నీ రాసుకున్నావు గదా?"

"రాసుకున్నా."

"అయితే ట్యాంకరు వస్తది గదా?"

రాదు అనాలి. ఆ ఒక్క మాట అంటే పార్వతి సంచి ఎత్తుకుని ఆటో ఎక్కుతుంది, చిన్నదాని కాళ్ళు దక్కుతాయి. ఇన్నేళ్ళూ అంకెలో పాయింటు అటూ ఇటూ అయితే నిద్రపోని మనిషి అతను. వెనక వీధంతా సీసాలు పట్టుకుని నిలబడ్డ జనం అతని నోటి వంకే చూస్తున్నారు. మీ ఊరు లేదు, మిమ్మల్ని లేకుండా చేసింది నేనే అని వాళ్ళ ముందు చెప్పడానికి అతనికి ధైర్యం చాలలేదు.

"వస్తుందమ్మా" అన్నాడు.

"ఎప్పటికి?"

"వస్తుంది. కొన్నాళ్ళు."

రాఘవమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, కోడలి వైపు తిరిగింది. "సంచి లోపల పెట్టు పార్వతీ. సారే చెప్పినాడు గదా. ఈ కొన్నాళ్ళు బోరునీళ్ళే కాచి, చల్లార్చి తాపుదాం. అంతమాత్రానికి ఏం గాదులే."

కాచితే ఆ విషం పోదని, ఇంకా చిక్కబడుతుందని ఉమామహేశ్వర్లుకు తెలుసు. నోరు తెరిచాడు. అప్పటికే లోపలినుంచి పెద్దపిల్ల గోడ పట్టుకుని, వంకర కాళ్ళ మీద ఎగిరెగిరి పడుతూ గుమ్మంలోకి వచ్చింది. "అమ్మ పోదా? అవ్వా, అమ్మ పోదా?" అని అడుగుతూ తల్లి కుచ్చిళ్ళు రెండు చేతులా పట్టుకుంది. పార్వతి ఏడుస్తూ, నవ్వుతూ దాని తల నిమిరింది. చంకలోని చిన్నది కిందికి జారి, అక్క చుట్టూ పరుగులు పెట్టింది.

సంతోషమ్మ మొహం అటు తిప్పుకుంది. కొండమ్మ వీధి మొదటికి పోయి, "పోవడంలేదు నాయనా, నువ్వు పో" అని ఆటోవాడికి చెప్పింది. అతను బండి తిప్పుకుని కనిగిరి దారిన ఖాళీగా వెళ్ళిపోయాడు.